బెట్టా చేప రెక్కలెందుకు విప్పుతుంది?

ఒకప్పుడు బెట్టా చేపలు ఒంటిగా ఉండేవి కావు. వరిమళ్లలో, మోకాలి లోతు నీళ్లలో మందలు మందలుగా తిరిగేవి. ఒకటి ఎటు పోతే మిగతావన్నీ అటే పోయేవి. పైకొచ్చి గాలి తాగడం వాటికి తెలీదు. మిగతా చేపల్లాగే నీళ్లలో ఉన్న ఊపిరినే పీల్చుకునేవి. అప్పటికి వాటికి బెట్టా అన్న పేరు కూడా లేదు. అందరూ మడిచేపలనేవారు.

అలాంటి మళ్లలో ఒకటి పైడమ్మది. పైడమ్మా, ఆమె మొగుడు గవరయ్యా ఆ ఒక్క మడిమీదే బతికేవాళ్లు.

ఒక ఏడు నాట్లు పడ్డాక వాన మొహం చాటేసింది. మబ్బు వచ్చేది, చూసేది, పోయేది. మడి నెర్రెలు విచ్చింది. వాన లేక పైరు అలా వాడిపోవడాన్ని బెట్ట అంటారు. ఆ ఏడు బెట్ట గట్టిగా పట్టింది.

నీళ్లు తగ్గుతున్నాయని తెలిసిన చేపలు ముందే కాలవలోకి దిగిపోయాయి. కొన్ని కొంగల పాలయ్యాయి. చివరికి రెండే మిగిలాయి. అవి అన్నదమ్ములు. తమ్ముడు చిన్నవాడు, మందతో సమానంగా ఈదలేకపోయాడు. వాణ్ని వదిలి అన్న వెళ్లలేకపోయాడు.

మడి మధ్యలో ఎద్దు కాలు దిగబడిన గుంట ఒకటుంది. అందులో ఇద్దరూ తల దాచుకున్నారు.

కొన్నాళ్లకి ఆ గుంటలోని నీళ్లు అన్నాయి: “పిల్లలూ, నా దగ్గర ఊపిరి అయిపోయింది. ఎండ తీసుకున్నంత తీసుకుంది, మిగిలింది మీరు తాగేశారు. ఇక నేనివ్వలేను.”

“మరి మేమేం కావాలి?” అన్నాడు అన్న.

“నన్నడిగితే నేనేం చెప్పను? పైన గాలి తిరుగుతోంది. దాన్ని అడుగు.”

అన్న తలెత్తి అడిగాడు. “గాలీ, గాలీ! కాస్త ఊపిరి పెడతావా?”

గాలి ఆగింది. “చేపలకి నేనెప్పుడూ పెట్టలేదే!” అంది. “మీరు పైకొచ్చి అడిగిందీ లేదు. సరే, మూతి బయటపెట్టి నోరు తెరువు.”

గుంట ఇరుకు. ఒకసారికి ఒక్కడే పైకి రాగలడు. అన్న పక్కకి ఒత్తుకుని తమ్ముణ్ని కిందనుంచి పైకి నెట్టాడు. “ముందు నువ్వు తాగు.” తమ్ముడు గుటుక్కున మింగాడు. వాడు దిగాక అన్న మింగాడు. అలా వంతులేసుకుని ప్రాణాలు నిలబెట్టుకున్నారు.

ఒక పొద్దున పైడమ్మ మడి చూసుకోడానికి వచ్చింది. చూడ్డానికేముంది, ఎండిన దుబ్బులు తప్ప! తిరిగి పోబోతుంటే గుంటలో చిన్న చప్పుడైంది. వంగి చూసింది. రెండు చేపలు ఒకదాని తరవాత ఒకటి పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి.

“అయ్యో, నా తల్లే!” అంది పైడమ్మ. తాగడానికి తెచ్చుకున్న నీళ్లముంతలో ఇద్దర్నీ పట్టి ఇంటికి తెచ్చింది.

గవరయ్య అరుగుమీద కూర్చుని ఉన్నాడు. “ముంతలో ఏంటే?”

“చేపలు మావా.”

“దేవుడు చల్లగా చూశాడు. చింతపండు నానబెట్టు.”

“వీటిని వండను. పెంచుతాను.”

“మనకే నీళ్లు లేవంటే బెట్టలో దొరికిన ఈ బెట్టచేపలకి ఇల్లు కడతావా?”

“నోరు తెరిచి ఊపిరి అడుగుతున్నాయి మావా. అడిగినవాళ్లని కూర వండుకుంటామా?” అంది పైడమ్మ. గవరయ్య తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. కానీ ఆ పేరు ఉండిపోయింది. బెట్టచేప అనగా అనగా బెట్టా అయింది.

పెరట్లో పశువులకు నీళ్లుపెట్టే మట్టిగోలెం ఒకటుంది. పైడమ్మ దాన్ని ఉత్త నీళ్లతో కడిగింది. నూతినీళ్లు అంచుదాకా నింపింది. చేపల్ని వదిలి, పిల్లి వస్తుందని పైన చెక్కపలక మూసింది. ఇంత మంచి ఇల్లు ఏ చేపకీ ఉండదని అనుకుంది.

కాసేపటికి లోపల్నించి టక్ టక్ మని చప్పుడు. పలక తీసింది. అన్నదమ్ములిద్దరూ ఆయాసంతో రొప్పుతున్నారు.

“అమ్మా, మేం ఇప్పుడు గాలి తాగేవాళ్లం” అన్నాడు అన్న. “నువ్వు అంచుదాకా నీళ్లు పోసి మూతపెడితే మాకూ గాలికీ మధ్య చోటేదీ?”

“నాకేం తెలుసు నాయనా! చేపకి నీళ్లే చాలనుకున్నాను” అంది పైడమ్మ. నాలుగు వేళ్లంత నీళ్లు తోడేసింది. పలక తీసేసి, సందులున్న వెదురు బుట్ట బోర్లించింది. గాలి సందుల్లోంచి దూరింది, పిల్లి దూరలేకపోయింది.

అయినా చేపలు అడుగునే పడుకున్నాయి. కదలవు. ఎందుకో పైడమ్మకి అంతుపట్టలేదు. చూరుమీదనుంచి ఎండ అంది: “నూతినీళ్లు చల్లన పైడమ్మా. వాళ్లు ఎండపడిన మడినీళ్లలో పుట్టినవాళ్లు. నేను పొద్దున కాసేపు వచ్చే చోట పెట్టు. మధ్యాహ్నం నా ముందు పెట్టకు, ఉడికిస్తాను.”

గోలేన్ని ఇద్దరూ కలిసి అరుగు పక్కకి జరిపారు. అవును, ఇద్దరూ. గవరయ్య సణుగుతూనే ఓ చెయ్యి వేశాడు.

ఇక తిండి. పైడమ్మ తన కంచంలోంచి గుప్పెడు మెతుకులు వేసింది. అవి ఎవరూ తినలేదు. ఉబ్బి, కుళ్లి, గోలెం కంపుకొట్టింది. ఈసారి నీళ్లే గొంతు పెంచాయి: “ప్రేమంతా నా కడుపులో పోస్తే ఎలా? నన్ను సగం తీసెయ్యి, సగం ఉంచు. మొత్తం మారిస్తే పిల్లలు తట్టుకోలేరు. కొత్తనీళ్లు ఎండలో ఉంచి, మెల్లగా పొయ్యి.”

“మేం దోమపురుగులు తింటామమ్మా” అన్నాడు తమ్ముడు. “కొంచెం చాలు. మా కడుపు మా కన్నంతే ఉంటుంది.”

పైడమ్మ అన్నీ విన్నది, అన్నీ చేసింది. ఎండిపోతున్న కాలవనుంచి వెడల్పాటి ఆకుల మొక్క ఒకటి తెచ్చి గోలెంలో నాటింది. దాని పెద్ద ఆకు నీళ్లపైకి రాకుండా, కాస్త కిందే పరుచుకుంది. ఆ ఆకుమీద పడుకుంటే ఒక్క తోకవిసురుతో గాలి అందుతుంది.

కడుపునిండా తిండి, వెచ్చని నీళ్లు. చేపలకి ఒళ్లు చేసింది. మట్టిరంగు పోయి అన్నకి నీలం, తమ్ముడికి ఎరుపు వచ్చాయి. రెక్కలు పట్టుగుడ్డల్లా సాగాయి.

గుంటలో రాని తగువు గోలెంలో వచ్చింది.

“ఆ ఆకు నాది” అన్నాడు తమ్ముడు.

“ఇన్నాళ్లూ నువ్వే పడుకున్నావు. ఈ పూట నేను పడుకుంటాను” అన్నాడు అన్న.

“పడుకో చూద్దాం!”

మాట మాట పెరిగింది. తమ్ముడు అన్న తోక కొరికాడు. అన్న తమ్ముడి రెక్క చీల్చాడు. పైడమ్మ పుల్ల అడ్డంపెట్టి విడదీసింది. పుల్ల తీయగానే మళ్లీ కలబడ్డారు. గోలెంలో ఎరుపూ నీలం పీలికలు తేలాయి.

చివరికి తమ్ముడు అడుక్కి దిగిపోయాడు. పైకి రావాలంటే రెక్కల్లో సత్తువ లేదు. నోరు తెరుస్తున్నాడు, గాలి అందడం లేదు.

అన్న చూశాడు. గుంట గుర్తొచ్చింది. తమ్ముణ్ని పైకి నెడదామని కిందికి దిగాడు. తమ్ముడు మాత్రం మళ్లీ కొరకడానికే వస్తున్నాడనుకుని, ఉన్న కాస్త బలంతో కొరకబోయాడు. నోరు తగిలేసరికి అన్న ఒళ్లు అన్న మాట వినలేదు. మళ్లీ కొరికేశాడు.

పైడమ్మ చెయ్యి ముంచి తమ్ముణ్ని అరచేతిలోకి తీసుకుంది. నీటిపై అంచుకి తెచ్చి అలాగే పట్టుకుంది. “తాగు నాన్నా, తాగు” అంది. చాలాసేపటికి వాడి నోరు తెరుచుకుంది. ఒక్క గుటక. తరవాత ఇంకొకటి.

“మావా!” అని కేకేసింది. “ఇంకో గోలెం కావాలి!”

గవరయ్య లేచాడు. విత్తనాలు దాచుకునే గోలెం ఖాళీగానే ఉంది. దాన్ని కడిగాడు. ఎండలో ఉంచిన నీళ్లు, నాలుగు వేళ్లు తక్కువగా పోశాడు. మొక్కలో ఒక పిలక తుంచి నాటాడు. బుట్ట కూడా తనే అల్లాడు. పైడమ్మ తమ్ముణ్ని అందులో వదిలింది.

గాయాలు మానాయి. చిరిగిన రెక్కలు మళ్లీ వచ్చాయి. ఎవరి గోలెంలో వాళ్లు హాయిగా ఉన్నారు.

ఆ తరవాతి ఏడు వానలు సకాలంలో పడ్డాయి. మడి నిండింది. పైడమ్మ ఇద్దర్నీ రెండు ముంతల్లో తీసుకెళ్లింది.

“ఇక్కడ చోటుకి కరువు లేదు. కలిసి ఉండండి” అని ఒకే గట్టుమీదనుంచి ఇద్దర్నీ నీళ్లలోకి జార్చింది.

తమ్ముడు సంతోషంగా అన్న వైపు ఈదాడు. అన్న చటుక్కున తిరిగాడు. రెక్కలన్నీ విప్పాడు, మొప్పలు విప్పార్చాడు, ఉన్నదానికి రెండింతలై నిలబడ్డాడు. తమ్ముడు ఆగిపోయాడు. కాసేపు చూసి, వరిదుబ్బుల మధ్యనుంచి అవతలి మూలకి వెళ్లిపోయాడు.

పైడమ్మకి కోపం వచ్చింది. “ఇదేం బుద్ధిరా? వాడు నీ తమ్ముడు కాదూ?”

“తమ్ముడేనమ్మా” అన్నాడు అన్న. రెక్కలు ముడుచుకున్నాడు. “ఆ రోజు నేను సాయానికే వెళ్లాను. దగ్గరికి పోయాక నా ఒళ్లు నా చేతిలో లేదు. అందుకే దూరంగా ఉండగానే రెక్కలు విప్పి చూపిస్తున్నా. చూసి వాడు తప్పుకుంటే నేను కొరకను. ఇద్దరం బతుకుతాం.”

పైడమ్మ గట్టుమీద కూర్చుని చూసింది. మడికి ఈ మూల ఒకడు పైకొచ్చి గాలి తాగాడు. ఆ మూల ఇంకొకడు తాగాడు.

అప్పటినుంచే బెట్టా చేప నీళ్లలో ఉంటూనే పైకొచ్చి గాలి మింగిపోతుంది. అప్పటినుంచే దాన్ని ఇంట్లో పెంచేవాళ్లు గాజుతొట్టెలో పైన కాస్త చోటు వదిలి, గాలాడే మూత పెట్టి, వెచ్చని నీళ్లలో ఆకుపక్క వేసి, ఒక తొట్టెలో ఒక్కదాన్నే ఉంచుతారు. అప్పటినుంచే ఇంకో బెట్టా కనిపిస్తే చాలు, అది రెక్కలన్నీ విప్పేస్తుంది. తొట్టె ముందు అద్దం పెట్టి చూడండి. అందులో ఉన్నది తన నీడే అయినా, తమ్ముడే వచ్చాడనుకుని విప్పుతుంది.