ఉప్పు తొక్కిన రోజు

"అయ్యా, చేతిలో కర్ర కూడా లేకుండా ఈ దొరతనాన్ని ఎదిరించాలంటే మొదట ఎంతమంది కావాలి?" అని మా గురువు పేరిశాస్త్రిగారిని అడిగాను. వేలాది జనం మా తీరాన ఉప్పు వండి జైళ్ళు నింపడానికి పదేళ్ళ ముందు మాట అది. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. నేను గొంతెత్తితే ఏడూళ్ళ కాకులు లేచిపోయేవి.

గురువుగారు వాదం పెట్టుకునే మనిషి కాదు. "సముద్రం ఒడ్డున ఉప్పుబీడు దగ్గరికి తీసుకుపోరా జగ్గప్పా," అన్నారు. పక్షవాతంతో ఆయన కాళ్ళు రెండూ పడిపోయాయి. భుజాల మీద ఎక్కించుకుని మూడామడలు ఒక్క ఊపున నడిచాను. ఎదురొచ్చిన ఎద్దుబండ్లు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయంటే నమ్మండి.

అక్కడ పోటునీరు ఎండి, బీడంతా తెల్లగా ఉప్పు పేరుకుంది. దాన్ని ఎవరూ ఎత్తుకోకుండా సర్కారు బంట్రోతు ఏటా చేయించే పనే చేయిస్తున్నాడు. పల్లెవాళ్ళ కాళ్ళతోనే ఆ ఉప్పును బురదలోకి తొక్కిస్తున్నాడు. నలభై మంది వరసగా తొక్కుతున్నారు. నూకాలమ్మ అనే ముసలామె వరస తప్పి, ఉప్పు మీద చతికిలబడింది.

"లెగవే!" అన్నాడు బంట్రోతు.

"నాను తొక్కను బాబూ. ఇంటికాడ గంపెడు సేపలు కుళ్ళిపోతన్నాయి. వాటికెయ్యాల్సిన ఉప్పుని నా కాళ్ళతో నానే మట్టి సెయ్యాలేటి?"

కర్ర ఆమె వీపున పడింది. ఆమె లేవలేదు, చెయ్యీ ఎత్తలేదు.

"నువ్వొక్కదానివీ కూకుంటే దొరలు ఓడెక్కి పోతారేటొదినా?" అన్నాడు వరసలో తొక్కుతున్న ఆమె మరిది. అందరూ నవ్వారు. నవ్వుతూనే తొక్కారు.

"నన్ను దించరా," అన్నారు గురువుగారు.

"బురదండీ," అన్నాను.

మళ్ళీ అడిగారు. ఆబోతును కొమ్ములు పట్టి పడేసిన ఈ చేతులతో ఆయన కాళ్ళను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఈలోగా నలుగురు నూకాలమ్మను ఈడ్చి గట్టున పడేశారు. ఆమె కూర్చున్నంత మేర తెల్లగా మిగిలింది. మరిదే వచ్చి దాన్నీ తొక్కేశాడు.

తిరుగుదారిలో, "ఒక్కరైనా ఆమె పక్కన కూర్చోలేదండీ," అన్నాను.



"మొదటి మనిషి ఏ ఊళ్ళోనైనా ఉంటుందిరా," అన్నారు గురువుగారు, నా తల మీదుగా. "రెండో మనిషి కోసమని నిన్ను తీసుకొచ్చాను."