జాముకెన్ని మూరలు?

చెంగలకోట రాజ్యంలో కొమ్మన అనే కొలతల అధికారి ఉండేవాడు; చేతిలో మూరకర్ర ఉంటే చాలు, వెనకాముందూ చూడకుండా ఎవరు గొప్పో ఎవరు తక్కువో తేల్చిపారేసేవాడు. ఇంట్లోనూ అదే వరస. నిన్నటి సొరకాయ కంటే ఇవాళ్టి సొరకాయ ఎంత పొట్టిదో భార్యకు చెప్పందే ముద్ద మింగేవాడు కాదు.

చెంగలకోటకు ఉత్తరాన తామ్రగిరి, దక్షిణాన ఇసుకరేవు రాజ్యాలు ఉండేవి. మూడూ కలిగిన రాజ్యాలే. మూడింటికీ నేతపనే పేరు తెచ్చింది. ఒకరోజు రాజుగారు కొమ్మనను పిలిచాడు.

"మూడు రాజ్యాల్లో ఎవరి నేతగాళ్లు బాగా పనిచేస్తున్నారో చూసిరా. మనవాళ్లు వెనకబడి ఉంటే ఏం చేయాలో కూడా నువ్వే చెప్పు" అన్నాడు.

కొమ్మన గుర్రమెక్కాడు. ఒక్కో రాజ్యంలో ఒక్కరోజు ఉన్నాడు. పని ముగిశాక మగ్గం మీది గుడ్డ కొలిచాడు. తిరిగొచ్చి సభలో నిలబడ్డాడు.

"ప్రభూ, తామ్రగిరిలో మనిషి రోజుకు పదిహేను మూరలు నేస్తున్నాడు. మన దగ్గర పన్నెండు. ఇసుకరేవులో పదే! వాళ్లంత బద్ధకస్తులు ఎక్కడా లేరు. మధ్యాహ్నానికే పోగు తోసే నాడె కింద పడేసి, గుంపులుగా చేరి కబుర్లు చెప్పుకుంటారు. మనవాళ్లూ మధ్యాహ్నం ఒక జాము నడుం వాలుస్తారు. తామ్రగిరిలో దీపం పెట్టాక కూడా మగ్గం ఆగదు."

"అయితే మనవాళ్ల విశ్రాంతి తీసేద్దామా?"

"తీసేయాలి ప్రభూ. దీపాలు పెట్టాక ఇంకో జాము కలపాలి కూడా" అన్నాడు కొమ్మన.

ఆ సాయంత్రమే అతని అక్క నాంచారమ్మ వచ్చింది. తల్లి పోయాక కొమ్మనను పెంచి పెద్దచేసింది ఆమే. ఇప్పటికీ మగ్గం మీదే బతుకుతోంది.

"ఒరే, మధ్యాహ్నం కాసేపు కళ్లు మూయకపోతే సాయంత్రానికి నాకు పోగు కనపడదురా. రాజుగారికి చెప్పి ఆ జాము మాకు ఉంచు" అంది.

"అక్కా, పన్నెండు ఎక్కువా, పదిహేను ఎక్కువా?"

"పదిహేనే. ఎంతసేపట్లో నేశారో అడిగావా?"

"గుడ్డ కొలిచాను కదా, ఇంకేం కావాలి?" అన్నాడు కొమ్మన.

నాంచారమ్మ వెళ్లిపోయింది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మొదటి నెల మనిషికి రోజుకు పదహారు మూరలు తేలాయి. రాజుగారు కొమ్మనకు శాలువా కప్పాడు. రెండో నెలలో పోగులు తెగడం మొదలైంది. నాలుగో నెలకు పదకొండు మూరలే వచ్చాయి, అందులోనూ సగం అంచు వంకర. కొమ్మనకు మూరకర్ర మీద అనుమానం వచ్చి కొత్తది చేయించుకున్నాడు. ఐదో నెలలో నలభై కుటుంబాలు చెప్పాపెట్టకుండా ఊరు విడిచాయి. నాంచారమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. ఇసుకరేవు వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. కొమ్మన వెంటనే ఆమెను వెతకడానికి బయల్దేరాడు. తనకు మాట మాత్రం చెప్పకుండా అక్క ఏనాడూ గడప దాటలేదు.

రెండు నెలలు వెతికి వెతికి, చివరికి ఇసుకరేవులో ఒక నేతగాడి ఇంట్లో ఆమెను పట్టుకున్నాడు. ఆమె మగ్గం ఆపలేదు.

"కూర్చో. జాము గంట కొట్టాక మాట్లాడుకుందాం" అంది.

గంట కొట్టింది. అలవాటు ఊరుకోదు కదా, కొమ్మన ఆ జాములో నేసిన గుడ్డ కొలిచాడు.

"ఒక్క జాములో నాలుగున్నరా! మన ఊళ్లో మూడు జాములకు పన్నెండు, అంటే జాముకు నాలుగే నేసేదానివి."

"ఇక్కడివాళ్లు ఐదు నేస్తారు. నేనింకా నేర్చుకుంటున్నాను. రెండు జాములే పని, పది మూరలు. నీ తామ్రగిరివాళ్లు ఐదు జాములు కూర్చుని పదిహేను నేస్తారట. జాముకెన్ని పడ్డాయిరా?"

"మూడు" అన్నాడు కొమ్మన.

నాంచారమ్మ గోడ చూపించింది. మేకులకు వరసగా దారాలు వేలాడుతున్నాయి. ఏటా దసరాకు మగ్గానికి పూజచేసి, ఒక్క జాము నేసి, ఆ గుడ్డంత పొడుగు దారం తెంపి కట్టడం ఇసుకరేవువాళ్ల ఆచారం. పదేళ్ల కిందటి దారం మూడు మూరలుంది. ఏడాదికేడాదీ కొంచెం కొంచెం పెరుగుతూ చివరిది ఐదుకు వచ్చింది.

"ఎలా పెరిగింది?"

"మధ్యాహ్నం నాడె దించాక ఒకరి మగ్గం దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. తెగిన పోగు ఎలా అతికాడు, కాలు ఎక్కడ వేశాడు, అన్నీ అడిగి తెలుసుకుంటారు. పొద్దున్నే తమ మగ్గం మీద చేసి చూస్తారు. నువ్వు కబుర్లనుకున్నది దాన్నేరా."

కొమ్మన తల దించుకున్నాడు. "అక్కా, తప్పయింది. ఇంటికి రా."

"రానురా. అంత ప్రాధేయపడినా తమ్ముడే వినని చోట నాకేం పని? రాజుగారికి నిజం చెప్పు. మిగతావాళ్లన్నా తిరిగొస్తారు" అంది.

కొమ్మన నిండు సభలో నిజం చెప్పాడు. "ప్రభూ, జాముకెన్ని మూరలో లెక్కేస్తే మనం తామ్రగిరికి వెనక లేము, ముందే ఉన్నాం. మనకన్నా ముందున్నది నేను బద్ధకస్తులన్న ఇసుకరేవువాళ్లే."

రాజుగారు అతని పదవి తీసేశాడు. నేతగాళ్ల జాము వాళ్లకు తిరిగిచ్చాడు. నలభై కుటుంబాల్లో ముప్పై తొమ్మిది ఇళ్లకు చేరుకున్నాయి. నాంచారమ్మ మాత్రం రాలేదు. కొమ్మన నెలకోసారి కాలినడకన ఇసుకరేవు వెళ్లి, ఆమె పని ముగిసేదాకా గుమ్మంలో కూర్చునేవాడు.

ఎంత పని జరిగిందన్నది ఒక్కటే చూసి మనుషులను ఎంచకూడదు. అది ఎంతసేపట్లో జరిగిందో, ఏళ్లు గడిచేకొద్దీ ఎలా పెరిగిందో తెలుసుకున్నాకే తీర్పు చెప్పాలి.