లాభం, రెండు, మూడు

లెక్కల మాస్టారు కూర్మారావుకి లెక్క తప్పిందంటే శ్రీకాకుళంలో ఎవరూ నమ్మరు. నిజానికి తప్పలేదు కూడా. అసలు బాధంతా అదే.

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున జరిగిన పోటీ అది. ముందు సముద్రంలో ముప్పావు కిలోమీటరు ఈదాలి. ఒడ్డుకి రాగానే ఆ తడిబట్టలతోనే సైకిలెక్కి ఇరవై కిలోమీటర్లు తొక్కాలి. సైకిలు దిగి అయిదు కిలోమీటర్లు పరుగెత్తాలి. ట్రయథ్లాన్ అంటారు. ఇది అందులో చిన్నది. పెద్దవి కూడా ఉన్నాయిగాని వాటి జోలికి మన మాస్టారు పోలేదు.

నలభై మూడేళ్ళ మనిషి, కాస్త పొట్ట కూడా ఉంది. తాబేలు పేరు పెట్టుకుని పందేలేమిటని స్టాఫ్‌రూమ్‌లో ఏడిపించారు. "నీళ్ళలో దిగాక చూడండి, తాబేలు సంగతి" అన్నాడు కూర్మారావు. అన్నట్టే సముద్రంలోంచి ముందువరసలో బయటికొచ్చాడు. ఆ ఈత తన గురువు లతీఫ్ ఉస్తాద్ పెట్టిన భిక్ష.

చిక్కు సైకిలు దగ్గర వచ్చింది.

బీచ్ రోడ్డు మీద అయిదు కిలోమీటర్ల రౌండు. నాలుగుసార్లు తిరగాలి. 'మీ రౌండ్లు మీరే లెక్కపెట్టుకోవాలి' అని మైకులో ముందే రెండుసార్లు చెప్పారు. కూర్మారావుకి కొంచెం వెనకగా దాలినాయుడనే అతను తొక్కుతున్నాడు. పొద్దున చొక్కాలకి నంబర్లు గుచ్చుకునేటప్పుడు పరిచయమయ్యాడు. కవిటి దగ్గర కొబ్బరికాయల మండీలో కాయలు లెక్కపెట్టడం అతని పని.

రౌండు పూర్తయిన ప్రతిసారీ దాలినాయుడు గట్టిగా అరిచేవాడు. మొదటిసారి "లాభం!" అన్నాడు. కాయలు లెక్కపెట్టేవాళ్ళు ఒకటి అనరు, లాభం అనే మొదలుపెడతారు. తర్వాత "రెండు!" తర్వాత "మూడు!"

మూడో రౌండయ్యేసరికి కూర్మారావు తొడలు రాళ్ళైపోయాయి. నాలుగో రౌండుకి తిన్నగా పోవాలి, సైకిలు దిగేవాళ్ళు ఎడమకి తిరగాలి. ఎడమవైపు నీడ ఉంది, మంచినీళ్ళున్నాయి. హ్యాండిలు ఎడమకి తిరిగింది. తర్వాత చాలాసార్లు అతను తనతో తాను అలాగే చెప్పుకున్నాడు, హ్యాండిలు తిరిగిందని. హ్యాండిలు దానంతటది తిరుగుతుందా?

వెనకనుంచి కేక వినిపించింది. "మాస్టారూ! ఇంకోటుంది!"

విన్నాడు. చెవుల్లో సముద్రం నీళ్ళున్నాయని సర్దిచెప్పుకుని సైకిలు దిగిపోయాడు.

పరుగు కూడా ముగిశాక చూస్తే, నలభై దాటినవాళ్ళలో మూడోస్థానం వచ్చింది. దాలినాయుడికి నాలుగోది. అతను చెమటలు కారుతూ వచ్చి కూర్మారావు చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అనవసరంగా అరిసీసినాను, ఏటీ అనుకోకండి. లాభం అన్నాక మళ్ళీ ఒకటి అనేసుంటాను. అక్కడే తేడా కొట్టీసింది. ఒక రౌండు ఎక్కువ తొక్కీసినాను సూడండి! మీరు లెక్కల మాస్టారు, మీకెందుకు తప్పుద్ది?"

చెప్పెయ్యాల్సింది అప్పుడే. కూర్మారావు నోరు తెరిచాడు కూడా. ఈలోగా మైకులో అతని పేరు పిలిచారు. నోరు మూసుకుని వెళ్ళి, మెడ వంచి, పతకం వేయించుకున్నాడు.

సోమవారం స్కూలంతా చప్పట్లు కొట్టింది. వచ్చే సోమవారం ప్రార్థన వేళ సన్మానం చేస్తామని, ఈత నేర్పిన గురువుగారికి కూడా శాలువా కప్పుతామని హెడ్మాస్టరు ప్రకటించాడు.

ఆ గురువుగారి పద్ధతే వేరు.

లతీఫ్ ఉస్తాద్‌కి డెబ్బై దాటాయి. ఒకప్పుడు పడవ నడిపేవాడు. నలభై ఏళ్ళుగా తెల్లారగట్ల నాగావళిలో ఈత నేర్పుతున్నాడు. మొదట్లో మెడలోతు నీళ్ళలో నిలబడి శిష్యుడి గడ్డం కింద అరచెయ్యి పెడతాడు. వారాలూ నెలలూ అలాగే పట్టుకుంటాడు. ఒకరోజు ఆ చెయ్యి తీసేస్తాడు. ఆ రోజు నుంచి ఆ శిష్యుడి ఈత చూడడు. ఒడ్డున చెక్కబల్ల మీద, నదికి వీపు పెట్టి, వీధికేసి చూస్తూ టీ తాగుతాడు.

"ఎవరైనా మునిగిపోతే?" అని ఒకాయన అడిగాడు.

"మునిగేవాడు అరుస్తాడు. నా చెవులు బాగానే ఉన్నాయి" అన్నాడు ఉస్తాద్.

ఈది వచ్చి తుడుచుకుంటున్నవాళ్ళని ఒక్కమాటే అడిగేవాడు. "ఎన్ని?" అవతలి ఇసకదిబ్బ దాకా ఎన్నిసార్లు వెళ్ళొచ్చావని. నాలుగంటే నాలుగు, ఆరంటే ఆరు. తల ఊపేవాడు. అంతే.

మంగళవారం తెల్లవారుతూనే కూర్మారావు మిఠాయి పొట్లంతో వెళ్ళాడు. నీళ్ళలోకి దిగలేదు. పతకం తీసి ఉస్తాద్ అరచేతిలో పెట్టాడు. ముసలాయన బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమి, తిరిగి ఇచ్చేశాడు.

"ఎన్ని?"

"మూడోస్థానం, ఉస్తాద్."

"అది దీనిమీదే రాసుంది. ఎన్ని?"

దేని గురించి అడుగుతున్నారని కూర్మారావు అడగలేదు. అతని బుర్రలో రెండురోజులుగా తిరుగుతున్నది ఒక్క లెక్కే.

"నాలుగు" అన్నాడు.

ఉస్తాద్ మిఠాయి పొట్లం విప్పుతూ తలెత్తాడు. ఇన్నేళ్ళలో ఒకే రోజు ఎవరినీ మూడోసారి అడిగినవాడు కాదు.

"ఎన్ని?"

"నాలుగే, ఉస్తాద్."

ముసలాయన తల ఊపలేదు. మిఠాయి తిన్నాడు, బాగుందన్నాడు.

బుధవారం పొద్దున కూర్మారావు వచ్చేసరికి చెక్కబల్ల తిరిగి ఉంది. ఉస్తాద్ వీధికి వీపు పెట్టి నదికేసి కూర్చున్నాడు. నీళ్ళలో ఉన్న ఎనిమిదిమందినీ కళ్ళు చిట్లించి మరీ చూస్తున్నాడు. వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతున్నాడు.

ఒక్కొక్కరూ ఒడ్డెక్కుతుంటే అడగడం లేదు. తనే చెబుతున్నాడు. "నీవి అయిదు." "నీవి మూడు."

కూర్మారావు ఒడ్డెక్కాడు.

"నీవి నాలుగు" అన్నాడు ఉస్తాద్.

ఆ రోజు నిజంగానే నాలుగు. అయినా కూర్మారావుకి చెంప మీద కొట్టినట్టయింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తుడుచుకున్నాడు.

మర్నాడూ బల్ల అలాగే ఉంది. నది ఒడ్డున మాటలు తగ్గిపోయాయి. నలభై ఏళ్ళ వీపు ఎందుకు తిరిగిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఎవరి గుండె వాళ్ళు తడుముకున్నారు.

శుక్రవారం గవరయ్య కూర్మారావుని పక్కకి లాక్కెళ్ళాడు. గవరయ్య రిటైరైన పోస్ట్‌మ్యాన్, రోజూ అక్కడే ఈదుతాడు.

"నావల్లే మాస్టారూ ఇదంతా" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "కిందటి చలికాలం నాలుగు ఈది ఆరని చెప్పీసినాను. చలి ఏస్తంది, ఏం చెయ్యమంటారు? ఇప్పుడెళ్ళి ఉస్తాద్ దగ్గర ఒప్పేసుకున్నాను."

"ఏమన్నారు?"

"చెప్పీసినావు కదా, అయిపోయిందిలే, ఇది నీకోసం కాదు అన్నాడు. మరి ఎవడికోసమంటారు? ఎవడా దొంగ?"

 సిగ్గుతో కూర్మారావు చితికిపోయాడు. తను చేసిన తప్పు పతకంతో ఆగలేదు. ముసలి పోస్ట్‌మ్యాన్ చేత రెండు ఈతలకి ఏడిపించింది. ఇంటికెళ్ళి పోటీ నడిపినవాళ్ళకి ఉత్తరం రాశాడు. మూడు రౌండ్లే తొక్కాను, నా పేరు కొట్టేయండి అని. పోస్టులో వేశాక మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు.

ఆదివారం కవిటి బస్సెక్కాడు.

మండీలో కొబ్బరికాయల కుప్ప ముందు దాలినాయుడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతికి రెండేసి కాయలు తీసి పక్కకి విసురుతున్నాడు. "లాభం... రెండు... మూడు..." ఇరవై దాకా వెళ్ళి ఆగాడు. కాసేపు అలాగే ఉండి, విసిరిన కాయలన్నీ మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. "లాభం..." అని మొదలుపెట్టాడు. పక్కన ఇంకొకతను స్టూలేసుకుని అతని లెక్కని కాగితం మీద సరిచూస్తున్నాడు.

"మాస్టారా! రండి రండి!" దాలినాయుడు మొహం విప్పారింది. "ఏటి ఇలాగొచ్చినారు?"

కూర్మారావు నిలబడే ఉన్నాడు. వచ్చేదారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"నీ లెక్క తప్పలేదు. నువ్వు తొక్కింది నాలుగే. నేను మూడు తొక్కి దిగిపోయాను."

దాలినాయుడు చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయాయి.

"నాను అరిసినాను కదా?"

"అరిచావు."

"ఇనిపించిందా?"

"వినిపించింది."

స్టూలు మీదతను రాయడం ఆపి ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. దాలినాయుడు అతనివైపు తిరిగాడు.

"ఇన్నావురా? నాలుగేనంట. నాకు తప్పనేదు. ఆరు రోజుల్నుంచి ఒకో కుప్ప రెండేసిసార్లు లెక్కెడతన్నాను. నా బుర్రకేటైపోయిందో అని మా ఇంటిది మొక్కుకుంది కూడాను!" గొంతు పెద్దదైంది. "ఇరవయ్యేళ్ళొచ్చినాయి ఈ పనికి. ఒక్క కాయ తేడా రానేదు."

కూర్మారావు జేబులోంచి పతకం తీసి ఇచ్చాడు. దాలినాయుడు తీసుకున్నాడు. మెడలో వేసుకోలేదు, దాన్ని సరిగ్గా చూడనుకూడా లేదు. కాయల మీద ఓ పక్కన పెట్టాడు. క్షమించమని కూర్మారావు అంటే, అతను రోడ్డుకేసి చూశాడు.

"బేగి ఎళ్ళండి మాస్టారూ. మళ్ళీ బస్సు సాయంత్రం దాకా ఉండదు."

వీధి మలుపు తిరుగుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "లాభం... రెండు... మూడు..." ఈసారి ఇరవై దగ్గర ఆగలేదు. కూర్మారావు రోడ్డు మీద నిలబడి, గొంతు వినిపించినంతసేపూ విన్నాడు. బస్సు తప్పిపోయింది.

సోమవారం తెల్లవారుజామున అందరికంటే ముందు నది దగ్గరికి వెళ్ళాడు. ఉస్తాద్ అప్పటికే బల్ల మీద ఉన్నాడు, నదికేసి. మంచు పట్టి అవతలి దిబ్బ కూడా కనిపించడం లేదు. అయినా అటే చూస్తున్నాడు.

కూర్మారావు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"అడగండి, ఉస్తాద్."

"ఏమిటి అడిగేది?"

"మీరెప్పుడూ అడిగేదే."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. మెడవైపు చూశాడు. పతకం లేదు.

"ఎన్ని?"

"లాభం, రెండు, మూడు." కూర్మారావు మూడు వేళ్ళు మడిచి ఆగాడు. "అంతే, ఉస్తాద్. నాలుగోది లేదు."

ఉస్తాద్ తల ఊపాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. బల్లకి ఒక చివర పట్టుకుని, రెండో చివర పట్టుకోమన్నట్టు చూశాడు. ఇద్దరూ కలిసి బల్లని వీధికేసి తిప్పారు. ఆయన నదికి వీపు పెట్టి కూర్చుని టీ గ్లాసు అందుకున్నాడు.

దూరంగా గవరయ్య తువ్వాలు భుజాన వేసుకుని వస్తున్నాడు. బల్ల చూసి నడక వేగం పెంచాడు.

"గవరయ్య గారికి నేనే చెబుతాను" అన్నాడు కూర్మారావు. "శాలువాలు వద్దని హెడ్మాస్టరు గారికి రాత్రే ఫోన్ చేశాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇవాళ ప్రార్థనలో పిల్లలందరి ముందూ చెప్పాలి. ఒక్కణ్ణే చెప్పాలంటే భయంగా ఉంది. మీరు వచ్చి కూర్చుంటారా, ఉస్తాద్?"

ఉస్తాద్ టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. వీధికేసే చూస్తున్నాడు.

"నేనెందుకు? నువ్వు చెప్పి రా. వచ్చి, చెప్పానని చెప్పు. చాలు."