బల్లెం తాత మోసిన నీళ్ళు

ఏం చూశారో చెప్పండి. ముందు అది చెప్పండి, కథ తర్వాత. ఇప్పచెట్ల కింద నెమలి జమేదారు పురి విప్పి ఆడుతుంటే పొద్దుటి నుంచీ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు కదా. ఏం చూశారు?

"డప్పులు చూశాం తాతా!"

"పులిరాజు గారి జెండా చూశాం!"

"బల్లేలు చూశాం. ఇంత పొడుగు!"

అంతేనా? జమేదారు కాళ్ళ దగ్గర తడి మట్టి పలకలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని ఒక్కరైనా చూశారా? చూడలేదు. డప్పు మోగుతుంటే కింద మట్టి ఎవరికి కనిపిస్తుంది?

కొంచెం వెనక్కి జరిగి కూర్చోండి. ముళ్ళపందికి కోపం వస్తే ముళ్ళు లేస్తాయి. ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. మీ మీద కాదులే, భయపడకండి.

సూదమ్మా, నువ్వు ఎదురుగా కూర్చో. రేపు పొద్దున సైన్యంలో చేరడానికి ఆ మట్టి పలక మీద అడుగు వేస్తానన్నది నువ్వే కదా? జమేదారుతో ఏమన్నావు?

"బల్లెం తాత మనవరాలిని, నన్నూ బల్లెం దళంలోనే వేసుకోండి అన్నాను."

"దానికి వాడేమన్నాడు?"

"నవ్వాడు. నువ్వు అడుగు వెయ్యమ్మా, మిగతాది సైన్యం చూసుకుంటుంది అన్నాడు."

చూసుకుంటుంది. ఎందుకు చూసుకోదు? నన్నూ చూసుకుంది. వినండి.

అనగనగా ఒక అడవి. ఇదే అడవి. అందులో ఒక తెలివితక్కువ ముళ్ళపంది ఉండేది. పేరు శూలయ్య. అంటే నేనే. మీరందరూ నన్ను బల్లెం తాత అంటారు. నేను బల్లెం దళంలో ఒక్క పూట కూడా లేను. నాలుగు వానకాలాలు నీళ్ళు మోశాను.

నవ్వండి. బాగా నవ్వండి. సైన్యం నుంచి తిరిగి వచ్చిన రోజున మా నాన్న పదిమంది ముందు నన్ను అడిగాడు, "బల్లెం దళమే కదరా?" అని. నేను తల ఊపాను. అంతే, ఒక్క ఊపు. అప్పటి నుంచి బల్లెం శూలయ్యను అయ్యాను, ముసలివాణ్ణయ్యాక బల్లెం తాతను అయ్యాను. ఒక్కరు కూడా అనుమానించలేదు. నేను కూడా కొన్నాళ్ళకు నమ్మేశాను. సూదమ్మ నవ్వడం లేదు, చూశారా? నా తల ఊపు చూసుకుని అది రేపు పలక ఎక్కబోతోంది. అందుకే ఈ రోజు నా పరువు తీసి మీ ముందు ఆరేస్తున్నాను.

ఆ ఏడు కూడా ఇలాగే వానలు పడలేదు. దుంపలు లేవు. వేళ్ళు తవ్వితే రాళ్ళు తగిలేవి. తమ్ముళ్ళు ముగ్గురు, నేను పెద్దవాణ్ణి. అప్పుడు వచ్చాడు నెమలి జమేదారు. ఈ జమేదారు కాదు, వీడి తాత. పురి మాత్రం ఇదే.

"నాలుగు వానకాలాలు పులిరాజు గారి కొలువు! రోజూ రెండు దోసిళ్ళ ఇప్పపువ్వు!" అని అరిచాడు.

నేను ఆ మాట సగమే విన్నాను. నా కళ్ళు బల్లేల మీద ఉన్నాయి. నా వీపు మీద పుట్టుకతోనే మూడు వందల బల్లేలు ఉన్నాయి, ఇక నన్ను బల్లెం దళంలో కాక ఎక్కడ వేస్తారు? అనుకున్నాను. మీకు నవ్వొస్తోంది గానీ, అప్పుడు అది నాకు ఎంతో తెలివైన లెక్కగా తోచింది.

నా పక్కన గట్టమ్మ వదిన నిలబడి ఉంది. ఉడుము. రాతిగుట్ట మీద ఉండేది. మాటలో మొహమాటం లేదు. ఆవిడకు కోటగోడలు ఎక్కే దళంలో చేరాలని కోరిక. గోడ ఎక్కాలంటే ఉడుమును మించినవాళ్ళెవరు?

వదిన ముందుకెళ్ళి పలక చూసింది. కింద సగం అడుగు వేయడానికి. పై సగం ఖాళీ.

"జమేదారు గారూ, ఈ పై సగంలో ఏం రాస్తారు?"

"నీ పని రాస్తారమ్మా."

"ఏ పని?"

"సైన్యం అవసరాన్ని బట్టి."

"అడుగు వేయక ముందు రాస్తారా, వేశాక రాస్తారా?"

"వేశాక. మట్టి ఆరిన తర్వాత."

"నేను గోడలు ఎక్కుతాను. గోడల దళం అని ఇప్పుడే రాయండి. అప్పుడు వేస్తాను."

జమేదారు పురి ముడిచాడు. పురి ముడిస్తే నెమలి ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది నాకు. మెల్లగా అన్నాడు, "అలా రాసే అధికారం నాకు లేదమ్మా. ఎక్కడ ఖాళీ ఉందో కూడా నాకు తెలియదు. జాబితా అడవిదున్న సుబేదారు గారి దగ్గర ఉంటుంది. నేను జనాన్ని తీసుకెళ్ళేవాణ్ణి, అంతే."

విన్నారా? ఆ నెమలి అబద్ధం చెప్పలేదు. నా చెవుల ముందే చెప్పాడు. నేనేం చేశానో తెలుసా? గట్టమ్మ వదిన మీద కోప్పడ్డాను!

"ఏం వదినా, రాజుగారి మనిషిని పట్టుకుని సంతలో బేరమాడినట్టు ఆ ప్రశ్నలేమిటి? సిగ్గుగా లేదూ?"

"నా కాలు, నా పలక. నాకెందుకు సిగ్గు? నువ్వు అడగవా?"

"నన్ను చూస్తే తెలియదా?" అని ముళ్ళు ఒకసారి గలగలలాడించాను.

"తెలుస్తుంది. మోతగాడివని తెలుస్తుంది" అని పక్కకు వెళ్ళి ఒక రాయి మీద కూర్చుంది.

అక్కడే కూర్చుని చాలాసేపు ఆలోచించింది. వాళ్ళ ఇంట్లోనూ తిండి లేదు. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టింది. కట్టెలో నీళ్ళో మోయమంటే? మోయగలను. కందకం తవ్వమంటే? తవ్వగలను. వంటశాలలో బూడిద ఎత్తమంటే? ఛీ, కానీ ఎత్తగలను. ఇలా పైకే అనుకుంటూ ఒక్కొక్క పని లెక్కపెట్టింది. చివరికి లేచి వచ్చి, "ఏదిచ్చినా చేస్తాను లెండి" అని అడుగు వేసింది.

నేను అప్పటికే వేసేశాను. నాలుగు కాళ్ళూ వేశాను. ఒకటి చాలురా అన్నాడు జమేదారు.

మూడో రోజున పలకలు ఆరాయి. సుబేదారు చదువుతున్నాడు. పెద్ద గొంతు.

"గట్టమ్మ, ఉడుము. నీళ్ళ దళం."

వదిన "సరే" అంది. మొహం కొంచెం వాడింది గానీ, ఆ పని కూడా ఆవిడ లెక్కలో ఉన్నదే.

"శూలయ్య, ముళ్ళపంది. నీళ్ళ దళం."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకో శూలయ్య ఎవరైనా ఉన్నాడేమోనని.

"సుబేదారు గారూ, నా వీపు చూడండి! ముళ్ళపంది నీళ్ళు మోయడమేమిటి? తిత్తులకు చిల్లులు పడవా?"

"వీపు మీద మందపాటి బెరడు కడతాం. నువ్వు ముళ్ళు దించుకుని నడిస్తే ఒక్క చుక్క పోదు. నీకంటే ముందు మోసినవాడూ ముళ్ళపందే. నాలుగు వానకాలాలు మోశాడు, ఒక్క చిల్లు పడలేదు. తర్వాత ఎవరు?"

తర్వాత ఒక కుందేలు. "బల్లెం దళం" అని చదివాడు. కుందేలు, పిల్లలూ! పిడికెడంత కుందేలు! దాని చేతికి బల్లెం ఇస్తే బల్లెమే దాన్ని ఎత్తుకెళ్ళేలా ఉంది. అది కూడా ఏడ్చింది పాపం. దానికి నీళ్ళ దళం కావాలట.

ఇక మొదలైంది నా సైనిక ప్రతాపం. అడ్డాకులు దగ్గర దగ్గరగా కుట్టి, బంక పూసి చేసిన తిత్తులు మావి. ఒక్కొక్కరికి నాలుగు. మొదటి రోజున వాగు దగ్గర నింపుకుని వస్తుంటే బల్లెం దళం ఎదురొచ్చింది. కుందేలు ముందు వరసలో ఉంది. చూశాను. కోపం వచ్చింది. ముళ్ళు లేచాయి. రెండు తిత్తులు నా తోక మీదుగా కారిపోయాయి.

వదిన ఆ చిల్లులకు బంక పూసి, తన తిత్తుల్లోంచి సగం నాకు పోసింది. "ముళ్ళు దించుకో మరిదీ" అంది.

నాలుగో రోజున జమేదారు ఇంకో గుంపును తీసుకొచ్చాడు. "శూలయ్యా, బాగున్నావా? సైన్యం చూసుకుంటోందా?" అన్నాడు, మర్యాదకే. మళ్ళీ ముళ్ళు లేచాయి. మూడు తిత్తులు పోయాయి. ఆ రోజున వంట కాలేదు. ఏనుగుల దళం మొత్తం నన్ను నానా పేర్లూ పెట్టి తిట్టింది. ఆ పేర్లు మీకు చెప్పను, మీరు చిన్నపిల్లలు.

వదిన మళ్ళీ వాగుకు వెళ్ళి వచ్చింది. ఈసారి గట్టిగానే అడిగింది.

"ఎవరి మీద కోపం నీకు?"

"మోసం చేశారు వదినా!"

"ఎవరు? నేను అడిగినప్పుడు నా పక్కనే ఉన్నావు కదా. విన్నావు కదా."

నాకు మోసం కావాలి. మోసం లేకపోతే తప్పు నాదవుతుంది.

పన్నెండో రోజున శత్రువులైన రేచుకుక్కలు కొండ మీదికి వచ్చాయని కబురు వచ్చింది. మన వాళ్ళు బోడికొండ ఎక్కాలి. ఆ కొండ మీద చెట్టు లేదు, చుక్క నీరు లేదు. నీళ్ళ దళం వెనక నడవాలి. ఎండ నెత్తి మీద కొడుతోంది. సగం కొండ ఎక్కేసరికి పైనుంచి కేక వినిపించింది. బల్లెం దళం రేచుకుక్కలను తరిమేసింది. ఆ కుందేలు కూడా తరిమింది! కళ్ళు మూసుకుని, బల్లెం నేల మీద ఈడ్చుకుంటూ తరిమింది. అందరూ దానికి జేజేలు కొట్టారు.

నేనేం చేయాలి? సంతోషించాలి. మన వాళ్ళు గెలిచారు. నాకు ముళ్ళు లేచాయి. ఒకటీ రెండూ కాదు, మూడు వందలూ లేచాయి. నాలుగు తిత్తులూ ఒకేసారి పగిలి రాళ్ళ మీద పారాయి. రాళ్ళు నిమిషంలో తాగేశాయి.

పైన గెలిచినవాళ్ళు నాలుకలు వేలాడేసుకుని పడిపోతున్నారు. గట్టమ్మ వదిన తన నాలుగు తిత్తులూ వాళ్ళకు పోసింది. చాలలేదు. కుందేలు కళ్ళు తేలేసింది. వదిన నా వైపు కూడా చూడలేదు. ఖాళీ తిత్తులు భుజాన వేసుకుని కొండ దిగింది. నేను వెంట వెళ్ళబోయాను.

"నువ్వు రాకు. మళ్ళీ చిల్లులు పెడతావు" అంది.

కింద వాగు దగ్గర, తరిమేసిన రేచుకుక్కలు నీళ్ళు తాగుతున్నాయి. వాటికీ దాహమే కదా. వదిన ఆగలేదు. పక్కనుంచి పాకి నీళ్ళు నింపుకుంది. తిరిగి వస్తుంటే వాటిలో ఒకటి ఆవిడను చూసి మీద పడింది.

నీళ్ళు కొండ మీదికి వచ్చాయి. ఒక్క చుక్క పోలేదు. వదిన మూడు కాళ్ళతో వచ్చింది. నాలుగోది చర్మానికి వేలాడుతోంది.

కుందేలు బతికింది. ఇంకా పదకొండు మంది బతికారు. నేను వదిన పక్కన కూలబడి గట్టిగా ఏడ్చాను. ఏడుపులో కూడా నా ముళ్ళు లేచే ఉన్నాయి.

"ముందు ముళ్ళు దించు. గుచ్చుకుంటున్నాయి. తర్వాత ఏడుద్దువు గాని" అంది.

దించాను. అప్పుడు దించాను! కోపం లేకపోతే వాటంతట అవే పడుకుంటాయి. అంత సులువైన పని. మిగిలిన రోజులన్నీ వదిన వాటా, నా వాటా, ఎనిమిది తిత్తులు మోశాను. ఒక్క చిల్లు పడలేదు. నాలుగో వానకాలం వచ్చేసరికి నేను దారిలో కనిపిస్తే దాహంతో ఉన్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఏ బల్లెంవాడికీ అంత మర్యాద జరగడం నేను చూడలేదు. అయినా ఇంటికొచ్చి నాన్న అడిగితే సిగ్గుపడి తల ఊపాను, చూడండి. నన్ను మించిన వెధవ ఈ అడవిలో ఉన్నాడా?

ఏమిటి సూదమ్మా, లేచావు? అడుగు.

"అయితే వెళ్ళొద్దంటావా తాతా?"

"అనను."

"వెళ్ళమంటావా?"

"అదీ అనను."

"మరి ఇక్కడుండి ఏం చేయమంటావు? నిన్న రోజంతా తవ్వితే ఒక్క దుంప దొరికింది. అది కూడా చేదు దుంప. అక్కడ రోజూ రెండు దోసిళ్ళు పెడతారు."

"పెడతారు. అది నిజం. నాకూ పెట్టారు. మా తమ్ముళ్ళు బతికింది ఆ ఇప్పపువ్వుతోనే."

"మరి?"

మరేముంది? నీ ఆకలి అబద్ధమని నేనెలా అంటాను తల్లీ? సైన్యం చెడ్డదని కూడా అనను. వాళ్ళు నా దగ్గర ఏదీ దాచలేదు. నేనే నా గురించి నాకు అబద్ధం చెప్పుకుని వెళ్ళాను. ఆ అబద్ధానికి పోయిన కాలు నాది కాదు. కావాలంటే ఇప్పుడే రాతిగుట్టకు వెళ్ళు. గట్టమ్మ వదిన ఎండలో కూర్చుని ఉంటుంది. ఆవిడ రాయి మీద కూర్చుని లెక్కపెట్టిన పనులన్నీ ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకో. బూడిద ఎత్తడం మరిచిపోకు. ప్రతి పనికీ నీ నోటితో నువ్వే జవాబు చెప్పుకో. రేపు పొద్దున నీ బదులు నేను అడుగు వేయలేను. ఆ తర్వాత నాలుగు వానకాలాలు నీ బదులు నేను మోయలేను.

నీతి: కొలువులో చేరేవాళ్ళు తాము కోరిన పనిని చూసి కాదు, తమకు రాగల పనులన్నిటినీ చూసి అడుగు వేయాలి. ఇప్పుడు చెప్పు, వాళ్ళు నీ చేతికి బల్లెం ఇవ్వకపోయినా వెళ్తావా?