అరవై దుప్పుల ఒక్క అడుగు

నల్లమల అంచున ఎర్రకుంట అని ఒక నీటిపట్టు ఉంది. ఎండలు ముదిరితే వాగులన్నీ ఇంకిపోయి, చుట్టుపక్కల ప్రాణులన్నిటికీ ఆ కుంటే దిక్కు. ఎవరు ముందు తాగాలో ఎవరు వెనక తాగాలో చెప్పడానికి అక్కడ ఏడాదికొక నీటిపెద్దను ఎన్నుకుంటారు. నాలుగేళ్లుగా ఆ పెద్దరికం నక్కదే. పొద్దున్నే తేట నీళ్లు నక్కలకూ, వాటి జతగాళ్లు రేచుకుక్కలకూ. మిగతావాళ్లంతా మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చి, వాళ్లు తొక్కి కలిపిన బురద తాగాలి. దీనికి నక్క పెట్టిన పేరు క్రమశిక్షణ.

దుప్పులు చూస్తే అరవై. నక్కలూ రేచుకుక్కలూ కలిపి పద్నాలుగు. అయినా ప్రతి ఏడూ గెలిచేది నక్కే. ఎలా గెలుస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. నిజం చెప్పాలంటే, ఎవరూ పోయి అడగనూ లేదు.

ఆ ఏడు జాజి అనే దుప్పి పిల్లకు కొత్తగా ఓటు వచ్చింది. దాని తల్లి పది రోజుల కిందటే ఈనింది. బురదనీళ్లు తాగే తల్లికి పాలు పడటం లేదు. పుట్టిన చిన్నది లేచి నిలబడబోయి మోకాళ్ల మీద కూలబడుతోంది. ఈ ఎండాకాలం కూడా పొద్దుటి నీళ్లు దక్కకపోతే చెల్లెలు బతకదని జాజికి తెలుసు. అందుకే ఆ పిల్లకు ఎన్నికంటే అంత పట్టుదల.

ఎన్నికకు రెండు రోజుల ముందు నక్క ఓట్లు అడగడానికి వచ్చింది. వెంట వచ్చిన రేచుకుక్కలు దుప్పుల ముందు ఇప్పపూలు కుప్ప పోశాయి.

"ఏమ్మా జాజీ, కొత్త ఓటంట! కుర్రకారు చేతిలోనే ఉంది అడవి. తిను తల్లీ, తిను."

జాజి రెండు పూలు నమిలింది. "బాగున్నాయి పెద్దయ్యా. యాడివి ఇవి?"

"మీకోసమే తెప్పించా."

"మా గుట్ట కింద చెట్టువే కదా! పొద్దున మమ్మల్ని తరిమి ఏరుకుపోయింది మీవాళ్లేగా."

నక్క నవ్వేసింది. "చురుకైన పిల్లవి. సరే, ఏం కావాలో అడుగు."

"పిల్లతల్లులకు పొద్దుటి నీళ్లు."

"కమిటీ వేస్తా."

"పోయినేడూ వేశారంట. అందులో ఎవరున్నారు?"

"నేనూ, మా తమ్ముడూ."

నక్క వెళుతూ వెళుతూ మంద పెద్ద అయిన కొమ్ముల తాత ముందు తల వంచి, "పెద్దల అడుగుజాడ తప్పని జాతి మీది! ఎప్పుడూ ఇట్లాగే ఉండండి" అని పొగిడింది. తాత పొంగిపోయాడు.

నక్క మీద పోటీకి నిలబడింది ముళ్లపంది సుంకులమ్మ ఒక్కతే. కిందటేడు నిలబడిన అడవిదున్న ఓడిపోయిన అవమానంతో కొండ దాటి పోయాడు.

"సుంకులమ్మకు వేద్దాం తాతా" అంది జాజి.

"ముళ్లపందికా? పక్కన నిలబడితే ఒళ్లంతా గుచ్చుకుంటది. అది మనకు పెద్దా?"

"పోయిన ఎండల్లో వాగులో ఇసక తవ్వి చెలమ తీసింది ఆమేగా. ఆ నీళ్లు మనమూ తాగాం. అప్పుడు గుచ్చుకోలేదా?"

"తాగడం వేరు, పెద్దరికం వేరు. అయినా గెలిచేది నక్కే. నాలుగేళ్లూ ఎదురు వేసి ఓడాం, ఈసారి గెలిచేవాడి పక్కన ఉందాం. ఓటన్నా వృథా కాకుండా ఉంటది."

మంద మొత్తం తల ఊపింది. జాజికి ఏడుపొచ్చినంత పనైంది. అరవైమంది కలిసి ఎదురు వేస్తే పద్నాలుగుమంది ఎలా గెలిచారు? మర్నాడు ఆ పిల్ల కుంట దగ్గరికి ఒక్కతే పోయింది.

అక్కడ తాబేలు తాత పని చేసుకుంటున్నాడు. ఎర్రకుంటలో ఓటంటే అడుగు. గట్టున తడి ఒండ్రుమట్టిని తాబేలు తన పొట్టతో ఈడ్చి ఈడ్చి అద్దంలా నున్నగా చేస్తాడు. ఈసారి ఎడమవైపు నక్కకు, కుడివైపు సుంకులమ్మకు. ఓటేసేవాళ్లు బండ మీద నిలబడి కుడి ముంగాలు ఒక్కటి మట్టిలో మోపి వెనక్కి తీసుకోవాలి. ఎవరు ఎవరికి వేశారో చూడకూడదని తాబేలు అంతసేపూ నీళ్లలో మునిగి ఉంటాడు. అంతా అయ్యాక పైకొచ్చి అడుగులు లెక్కపెడతాడు.

"తాతా, పోయినేడు మా దుప్పులవి ఎన్ని పడ్డాయి?"

"ఒకటి."

జాజి నోరు వెళ్లబెట్టింది. "మేం అరవైమంది!"

"ఏమోనమ్మా. నాకు కనపడింది ఒకే గిట్ట. జానెడు లోతు దిగింది. ఎవరో బాగా బలిసిన దుప్పి అనుకున్నా."

జాజికి అప్పుడు తట్టింది. దుప్పుల మంద నడిస్తే ముందు నడిచేవాడు ఎక్కడ కాలు పెడితే వెనకవాళ్లంతా సరిగ్గా అక్కడే పెడతారు. ఎంతమంది పోయారో పులికి తెలియకూడదని తాతముత్తాతలు నేర్పిన నడక అది. ఆ నడకతోనే పోయి ఓట్లు వేశారు. నాలుగేళ్లుగా అరవైమందీ ఒకే గుంటలో కాలు మోపి, గెలవలేదేమని ఏడ్చారు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే కొమ్ముల తాత ఒప్పుకోలేదు. "తాబేలుకు చూపు మందగించింది. వరస చెదిరితే లెక్క తెలిసిపోయి పులి మనల్ని బతకనిస్తదా?"

ఎన్నిక రోజు పొద్దున ముందుగా నక్కలు వేశాయి. "ఒరేయ్, ఎవడి చోట వాడు పెట్టండి. ఒకడి దాని మీద ఒకడు తొక్కితే చెవులు కొరికేస్తా" అని నక్క తనవాళ్లను గదమాయించడం జాజి చెవిన పడింది. అంటే నక్కకు అన్నీ తెలుసు. తెలిసే నాలుగేళ్లూ దుప్పుల అడుగుజాడను పొగిడింది.

దుప్పుల వంతు వచ్చింది. కొమ్ముల తాత నక్క వైపు గిట్ట మోపాడు. వెనకవాళ్లు ఒక్కొక్కరే అదే గుంటలో మోపుతున్నారు. పదకొండుమంది అయ్యారు. పన్నెండోది జాజి.

జాజి బండ మీద నిలబడి ఆ గుంట వైపు చూసింది. తర్వాత వరస వదిలి, కుడివైపు నడిచి, ఎవరూ తొక్కని మట్టిలో తన చిన్న గిట్ట ఒక్కటి మోపింది.

పుట్టి బుద్ధెరిగాక ఒక దుప్పి వరస తప్పడం ఎవరూ చూడలేదు.

"పిల్ల మందకే చేటు తెచ్చింది!" అని నక్క అరిచింది. "పులి లెక్కపెట్టుకుంటది, చూసుకోండి!"

"పులికి దాచిన లెక్కనే తాబేలు తాతకు కూడా దాచేశాం" అంది జాజి. "మనం ఉన్నామని మనమే చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?"

తల్లి దుప్పి కదిలింది. బిడ్డ వెనకే వచ్చి, అలవాటు కొద్దీ జాజి గిట్ట గుర్తు మీదికే కాలెత్తింది.

"అమ్మా, నా అడుగులో వేయొద్దు. పక్కన వేయి. నీది నువ్వు వేయి."

తల్లి ఎత్తిన కాలు గాల్లో అట్లాగే ఉండిపోయింది. బతుకంతా ఒకరి అడుగులో కాలు పెట్టిన ప్రాణం అది. సొంతంగా ఎక్కడ మోపాలో తెలియలేదు. చివరికి జానెడు దూరంలో మోపి, కాలు తీసి, తన గిట్ట గుర్తును తానే వింతగా చూసుకుంది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చూలుతో ఉన్నవి, ముసలివి, కుంటివి, అన్నీ తమ చోటు తామే వెతుక్కున్నాయి. ఏడు దుప్పులు నక్క వైపే పోయాయి. పోనీ, అవి కూడా ఎవరి చోట వాళ్లే వేశాయి. కుడివైపు మట్టి అంచు దాకా గిట్టలతో నిండిపోయింది. తామింతమందని దుప్పులు అప్పుడే మొదటిసారి కళ్లారా చూశాయి.

తాబేలు నీళ్లలోంచి పైకొచ్చి చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూశాడు. లెక్క తేలేసరికి పొద్దెక్కింది. చివర వేసిన అయిదు కుందేళ్లతో కలిపి సుంకులమ్మకు నలభై ఏడు. తాత వెంట పదకొండుమంది మోపిన గుంట ఒక్కటిగానే లెక్కకొచ్చి నక్కకు ఇరవై రెండు.

"ఇవి చెల్లవు! ఇన్ని గిట్టలు ఎప్పుడూ లేవు" అని నక్క ఎగిరింది.

"లేకపోవడమేంటి, కనపడలేదు" అన్నాడు తాబేలు. పులి కంట పడకుండా వెంటనే ఆ మట్టిని పొట్టతో ఈడ్చి మళ్లీ నున్నగా చేసేశాడు.

సుంకులమ్మ ముళ్లు ముడుచుకుని ముందుకొచ్చింది. "నా పక్కన నిలబడక్కర్లేదు, దూరంగానే ఉండండి. రేపటి నుంచి పొద్దున్నే ముందు పిల్లతల్లులు తాగుతారు. తర్వాత మిగతావాళ్లు. నక్కా, నువ్వు చివర."

"నేనా? ఆ బురద ఎట్టా తాగేది?"

మర్నాడు పొద్దున్నే జాజి తల్లి చిన్నదాన్ని పక్కన పెట్టుకుని కుంటలో మూతి పెట్టింది. ఒక గుటక మింగి ఆగిపోయింది. అడుగున ఉన్న గులకరాళ్ల వైపే కన్నార్పకుండా చూసింది.

"జాజీ, ఇంత తేటగా ఉంటాయా నీళ్లు?"

ఎంతమంది ఉన్నా, తన అడుగు తాను వేయనివాడు లెక్కలోకి రాడు.