వాగవతలి పాకలో ఈరవ్వ

ఎప్పటి ముచ్చటో లెక్క తెలియదు. ఊళ్లకు ఇంకా బండ్ల బాటలు పడని కాలం. ఒక వాగొడ్డు ఊళ్లో ఈరవ్వ అనే ముసలామె ఉండేది. నా అన్నవాళ్లు లేరు. ఇంటింటికీ నీళ్లు మోసి బతికేది.

ఒక ఏడు ఊరికి గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు. పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి లేడు. పటేలు వాగు అవతల తాటాకుల పాక వేయించి, రోగం తగిలినవాళ్లను అక్కడికి మోయించాడు. పట్నం నుంచి వైద్యుణ్ని పిలిపించాడు. రోగులకు నీళ్లు తాపే పనికి ఎవరూ రాలేదు. ఈరవ్వ వచ్చింది.

మొదటి రోజు వైద్యుడు ఆమెను పిలిచాడు.

"ఆ చివర పడుకున్నవాళ్లు బతకరు. వాళ్లకు నీళ్లు దండగ."

"దూపైతాందని అడుగుతున్నరయ్యా" అంది ఈరవ్వ. చివరిదాకా పోయి తాపింది.

రెండో రోజు మళ్లీ పిలిచాడు.

"లోపలి సంగతి బయట చెప్పకు. జనం బెదిరిపోతారు."

"వాళ్లోళ్లు వాగొడ్డున నిలబడి అడుగుతున్నరయ్యా" అంది. ఒడ్డుకు పోయి ఒక్కొక్కరి పేరూ చెప్పింది. ఉన్నవాళ్లు ఉన్నారంది, పోయినవాళ్లు పోయారంది.

మూడో రోజు వైద్యుడు కొత్త కషాయం కాచాడు. అంతకుముందు దాన్ని ఎవరికీ ఇచ్చి ఎరగడు.

"పటేలు తమ్ముడు ఇంట్లో పడకేశాడు. ఆయనకిచ్చే ముందు ఆ చివరివాళ్లకు పోసి చూద్దాం. నీళ్లని చెప్పి తాపు."

ఈరవ్వ ముంత అందుకుంది. ఆ చివర పడుకున్న కల్లు గీసే మల్కయ్య పక్కన కూర్చుంది.

"బిడ్డా, ఇవి నీళ్లు కావు. కొత్త మందు. మంచిగైతదో, పానం మీదికొస్తదో ఎవలకూ ఎరుక లేదు. తాగుతవా?"

మల్కయ్య ముంతను పక్కకు నెట్టాడు. "వద్దవ్వా" అన్నాడు.

పక్కనున్న సత్తెమ్మ చెయ్యి చాపింది. "నాకియ్యి. పిల్లలు చిన్నోళ్లు. చూస్త."

వైద్యుడికి కోపం వచ్చింది. "నిన్ను అడగమన్నదెవరు?"

"తాగేది వాళ్లు గదయ్యా."

సంగతి పటేలు దాకా పోయింది. ఈరవ్వను ఇక వాగు దాటి ఊళ్లోకి రానివ్వొద్దన్నాడు. ఆమె పాకలోనే ఉండిపోయింది. మందు తాగిన సత్తెమ్మ బతికింది. తాగని మల్కయ్యా బతికాడు. మందు గొప్పదో కాదో తేలలేదు.

పదో నాడు ఈరవ్వకు గత్తర తగిలింది. వైద్యుడు ముంతతో వచ్చాడు. కాసేపు నిలబడ్డాడు. తర్వాత నేల మీద ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఈరవ్వా, ఇది ఆ మందే. పనిచేస్తుందో లేదో నాకింకా తెలియదు. తాగుతావా?"

"వద్దయ్యా. నీళ్లియ్యి."

ఆమెను బతికించుకోవాలని అతనికుంది. నోట్లో పోస్తే ఆపే సత్తువ ఆమెకు లేదు. అయినా ముంత పక్కన పెట్టేశాడు. కుండలోంచి నీళ్లు ముంచి తన చేత్తో తాపాడు.

పొద్దుగూకే లోపల ఈరవ్వ పోయింది. వైద్యుడే వాగొడ్డుకు వెళ్లి ఆమె పేరు చెప్పాడు. ఆమె కోసం వచ్చినవాళ్లు ఎవరూ లేరు. నిలబడ్డవాళ్లంతా విన్నారు.

ఇప్పటికీ ఆ వాగు వెంబడి ఊళ్లలో మందు నిలబడి ఇవ్వరు. రోగి పక్కన కూర్చుంటారు. ఏం మందో చెబుతారు. తలూపేదాకా ఆగుతారు. ఎవరైనా తొందరపడితే మంచంలో ఉన్నవాళ్లే అంటారు: "ఈరవ్వను అడిగినట్టు అడుగు."