తెరుచుకోని పులిజూదం పెట్టె

గువ్వలగిరి రాజు బసవభూపతి ద్వాదశినాడు పొద్దున్నే, స్నానం చేసిన జుట్టు ఆరకముందే ఒక ఆజ్ఞ ఇచ్చారు. పారణ విస్తళ్లు ఎత్తేలోపు పులిజూదం పెట్టె తెరుచుకోవాలి. సుత్తి తగలకూడదు, ఉలి తగలకూడదు. తెరుచుకోకపోతే ఆటల గది చూసే ముత్తెన్న ఆ సాయంత్రం నుంచి ఏనుగుల సాలలో పేడ ఎత్తాలి.

రాజుగారి బాధ కూడా చిన్నదేం కాదు. నిన్న ఏకాదశి. భోజనమూ లేదు, ఆటా లేదు. మొన్నటి ఆటలో మూడు పులుల్లో రెండింటిని ఆయన కదలకుండా కట్టేశారు. మూడోది మూలకు చేరింది. ఇంకొక్క మేకను జరిపితే గెలుపే. నిన్నంతా ఖాళీ కడుపుతో ఆ మేకనే తలచుకున్న మనిషి ఇవాళ వచ్చి మూత లాగితే, అది ఊడిరాలేదు.

ఆ పెట్టెను చేయించింది ఆస్థాన సిద్ధాంతి యజ్ఞేశ్వరశాస్త్రి. మేకల్ని మనం జరపాలి. పులులు మాత్రం లోపలి ఇత్తడి చక్రాల బలంతో వాటంతటవే కదులుతాయి. ఏకాదశినాడు ఆట తగదని శాస్త్రిగారు అందులో ఒక తిథి చక్రం కూడా పెట్టించారు. రోజూ సూర్యోదయానికి ముత్తెన్న తాళంచెవిని ఒక చుట్టు తిప్పుతాడు, చక్రం ఒక పన్ను జరుగుతుంది. ఏకాదశి పన్ను వచ్చిన రోజు మూత బిగుసుకుపోతుంది. రోజుకు ఒక్క చుట్టే, రెండోది తిప్పితే ఊరుకోనని శాస్త్రిగారి కట్టడి.

పెట్టె కోటకు వచ్చి ఇంకా నెల కాలేదు. ఆ కాస్త కాలంలోనే శాస్త్రిగారు దాని గొప్ప ఎంతగా చెప్పారంటే, ఆయన కనబడితే వంటవాళ్లు కూడా పక్క వసారాలోకి తప్పుకునేవాళ్లు.

శాస్త్రిగారు వచ్చి పెట్టెను అటూ ఇటూ చూసి, యంత్రంలో లోపం లేదన్నారు. ముత్తెన్న మొరటు చేయి తగిలి ఏదో జరిగి ఉంటుందన్నారు. అలాంటివాడికి యంత్రం అప్పగించకూడదని, తన మేనల్లుడైతే బహు నెమ్మదస్తుడని కూడా రాజుగారి చెవిన వేశారు.

ముత్తెన్నకు కడుపు మండిపోయింది. పదకొండేళ్లుగా ఆ గదిలో ఒక్క గవ్వ కూడా పోనివ్వని మనిషి. పేడ ఎత్తడం అతనికి నామోషీ కాదు. చేయని తప్పుకు ఎత్తాల్సి రావడమే కష్టంగా ఉంది.

పెట్టె ముందు కూర్చుని మూత తడిమాడు. విరిగిన దానిలా లేదు. పోయిన ఏకాదశికి ఎలా బిగుసుకుందో అచ్చం అలాగే ఉంది. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. షష్ఠి దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. సంగతి బోధపడింది.

ఇంకొక్క చుట్టు తిప్పితే మూత వస్తుంది. కానీ తనంతట తను తిప్పితే, పాడుచేసిందీ వీడే, సర్దిందీ వీడే అని శాస్త్రిగారు అనక మానరు. అందుకని తాళంచెవి మొలలో దోపుకుని, పెట్టెను చంకన పెట్టుకుని భోజనశాలకు నడిచాడు.

ఆ కోటలో ఒక ఆనవాయితీ ఉంది. ద్వాదశి పారణలో సిద్ధాంతి మొదటి ముద్ద నోట పెట్టాకే రాజు విస్తట్లో చేయి పెట్టాలి. అవిసాకు కూర, ముద్దపప్పు, ఉసిరికాయ పచ్చడి వడ్డించారు. కాచిన నెయ్యి వాసన గది నిండా కమ్ముకుంది. శాస్త్రిగారు పప్పన్నం కలిపి, గుప్పెడంత ముద్ద చేశారు.

అప్పుడే ముత్తెన్న గుమ్మం దగ్గర నిలబడి, రాజుగారి సెలవైతే శాస్త్రిగారిని రెండు మాటలు అడుగుతానన్నాడు. రాజుగారు తల ఊపారు.

"శాస్త్రిగారూ, తమరి చక్రం ఎప్పుడైనా లెక్క తప్పుతుందాండీ?"

"సూర్యుడు తప్పితే తప్పాలి. అది తప్పదు."

"మరి మూత బిగుసుకోడానికి ఏకాదశి కాక ఇంకేదైనా కారణం ఉంటుందాండీ? నా మొరటు చేయి తగలడం లాంటిది?"

శాస్త్రిగారికి పౌరుషం వచ్చింది. "నువ్వు కోట బురుజు మీంచి పడేసినా దానికేం కాదు. ఏకాదశి అయితేనే బిగుసుకుంటుంది, లేకపోతే లేదు."

పొద్దున తను వేసిన నింద ఈ మాటతో కొట్టుకుపోయిందని ఆయన చూసుకోలేదు. ముద్ద నోటిదాకా వచ్చింది. ముత్తెన్న చేతులు జోడించాడు.

"అయితే ఆ ముద్ద దించెయ్యండి శాస్త్రిగారూ, ఇవాళ ఏకాదశి."

శాస్త్రిగారి చేయి గాల్లో ఆగిపోయింది. రాజుగారు తన విస్తరి వంక, శాస్త్రిగారి ముద్ద వంక మార్చి మార్చి చూశారు.

"అంటే నిన్న మమ్మల్ని దశమినాడు పస్తు పెట్టారా?" అని అడిగారు. గొంతు మెత్తగానే ఉంది, మెచ్చుకోలుగా మాత్రం లేదు.

వడ్డించేవాడు అవునేమో అనుకుని విస్తరి ఎత్తడానికి వంగాడు. శాస్త్రిగారు రెండో చేత్తో విస్తరిని గట్టిగా అదిమిపెట్టారు. చక్రాన్ని కాపాడుకుంటే అన్నం పోతుంది, పైగా పంచాంగం తప్పవుతుంది. అన్నం తింటే చక్రం పరువు పోతుంది. నెయ్యి పేరుకుంటోంది.

"ఇవాళ ద్వాదశే," అన్నారు చివరికి. "చక్రమే... ఒక రోజు వెనకబడింది."

ఎందుకు వెనకబడిందని రాజుగారు ముత్తెన్ననే అడిగారు.

"ఈ పక్షంలో సప్తమి లోపించింది ప్రభూ. షష్ఠి మర్నాడే అష్టమి వచ్చింది. ఆ సంగతి శాస్త్రిగారు ఊరందరికీ చెప్పారు, పెట్టెకు చెప్పడం మరిచారు. అది పాపం రోజుకో పన్ను నడిచి, ఇవాళ్టికి ఏకాదశి చేరింది. ఉపవాసం చేస్తోంది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. వడ్డించేవాడు నవ్వు ఆపుకోలేక గరిటె వదిలేశాడు. శాస్త్రిగారు తలెత్తకుండానే, "తిప్పవయ్యా, ఇంకో చుట్టు తిప్పు," అన్నారు.

ముత్తెన్న తిప్పాడు. మూత టక్కున తెరుచుకుంది. రాజుగారు ఆకలి సంగతి మరిచి మేకను జరిపి, మూడో పులిని కట్టేశారు. తన చేతి బంగారు కడియం తీసి ముత్తెన్నకు తొడిగారు. బతికున్నంతకాలం ఆటల గది నీదేనన్నారు. ఆపైన శాస్త్రిగారి వైపు తిరిగారు.

"ఇకమీదట పక్షానికోసారి ఈ పెట్టె ముందు కూర్చుని తమరే పంచాంగం చదివి వినిపించండి."

నోటినిండా పప్పన్నం ఉండటంతో శాస్త్రిగారు తల మాత్రం ఊపారు.